‘పోటెత్తారు’లో ఉన్న పోటు ఏది?

‘తిరుమలకు భక్తులు పోటెత్తారు’ అని పేపర్లో తరచూ చదువుతుంటాం. ఈ పోటు ఏమిటి, తలపోటుకీ దీనికీ చుట్టరికం ఉందా అని నిన్న గ్రూపులో అడిగారు. చుట్టరికం ఉంది. అయితే ‘పోటెత్తడం’ మనకు వచ్చింది సముద్రం నుంచి.

పడు నుంచి పాటు, చెడు నుంచి చేటు వచ్చినట్టే పొడుచు నుంచి పోటు వచ్చింది. వెన్నుపోటు, కత్తిపోటు, సూటిపోటి మాటలు అన్నిట్లోనూ ఉన్నది ఈ పొడవడమే. తలపోటులో, గుండెపోటులో లోపల్నుంచి ఏదో పొడుస్తున్నట్టు ఉంటుంది. అలాగే సముద్రం ఒడ్డు మీదికి పొడుచుకొస్తే పోటు, మళ్ళీ కిందికి పడితే పాటు. రెండూ అచ్చతెలుగు మాటలు, రెండూ నిఘంటువుల్లో ఈ అర్థంతోనే ఉన్నాయి. ‘పోటుపాటులు’ అని జంటగానూ దొరుకుతాయి.

నాకు ఇందులో బాగా నచ్చే సంగతి ఇంకొకటి ఉంది. పొద్దు పొడిచింది అంటాం, నెల పొడిచింది అంటాం, నెలపొడుపు అంటాం. ఆకాశంలో చంద్రుడు చేసేదానికీ కింద సముద్రం చేసేదానికీ తెలుగులో క్రియ ఒకటే. పోటుకు కారణం చంద్రుడి ఆకర్షణ అన్న సైన్సు తెలిసి ఎవరో ఇలా పేరు పెట్టారని నేను అనను. కానీ తీరం మీద బతికేవాళ్ళకు ఈ రెంటికీ లంకె ఉందని ఎప్పుడూ తెలుసు. వాళ్ళ లెక్కంతా తిథుల మీదే నడుస్తుంది. అమావాస్యకూ పున్నమికీ సూర్యచంద్రులు ఒకే వరసలోకి వస్తారు కాబట్టి పోటు పెద్దది. అష్టమి ప్రాంతంలో సూర్యుడి లాగుడూ చంద్రుడి లాగుడూ ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి చిన్నది. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. చంద్రుడు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా పొడుస్తాడు కాబట్టి పోటు కూడా మర్నాటికి అంత వెనక్కి జరుగుతుంది.

మేముండే సింగపూర్‌లో ఈస్ట్ కోస్ట్ పార్కు దగ్గర బెడోక్ జెట్టీ ఉంది. సముద్రంలోకి దాదాపు 250 మీటర్లు సాగిన కాంక్రీటు కట్టడం. అప్పట్లో సాయంత్రమైతే గాలాలు వేసేవాళ్ళతో కిటకిటలాడేది. ఇక్కడివాళ్ళు బాటాంగ్ అని పిలిచే చేప కోసం సీజన్లో తెల్లవార్లూ కాపు కాసేవాళ్ళూ ఉండేవారు. దాన్ని మా ఉప్పాడ మిత్రుడు కోనెం అంటాడు, హైదరాబాద్ మిత్రుడు వంజరం అంటాడు. (దీని మీద విడిగా ఒక చర్చ పెట్టాలి.) పున్నమి వెళ్ళిన మర్నాడు ఓ సాయంత్రం నలుగురం కలిసి వెళ్ళాం. ఎనిమిదైనా రొయ్య ఎరను ఏదీ ముట్టలేదు. హైదరాబాద్ మిత్రుడు రాడ్డు సర్దబోతుంటే ఉప్పాడ మిత్రుడు, ‘సముద్రం పోటు మీదుందిరా, ఇప్పుడు సర్దేస్తావేంటి? ఇంకో గంట ఆగు’ అన్నాడు.

ఆ గంటలో జెట్టీ స్తంభాలనే చూస్తూ కూర్చున్నాను. స్తంభం నిండా చిప్పలు పట్టి ఉన్నాయి. ఫోన్ టార్చి వేస్తే అల వచ్చినప్పుడు రెండు వరుసల చిప్పలు మునగడం, అది తగ్గాక ఒక వరుసే తేలడం కనిపించింది. వచ్చిన నీరు వచ్చినంతా వెనక్కి పోవడం లేదు, ప్రతి తోపుకీ కొంత పైన నిలబడిపోతోంది. నీటి లాగుడు కూడా పెరిగి సీసపు గుండు ఒకచోట నిలవక కొట్టుకుపోతుంటే బరువైనది మార్చుకున్నాం. తర్వాత చేపలు కదిలాయి. మాకు పడినవి చిన్న పార చేపలే, అయినా అందరి గాలాలూ వంగడం మొదలైంది. నీరు కదిలితేనే చేప మేతకు కదులుతుందని ఉప్పాడ మిత్రుడి మాట. ‘ఎత్తడం’ అన్న క్రియ ఎందుకు అతికిందో స్తంభం చూశాకే నాకు పూర్తిగా తెలిసింది.

అందుకే క్యూలో నాలుగొందల మంది ఉన్నా ‘పోటెత్తారు’ అని రాసేస్తుంటే బాధగా ఉంటుంది. ఒక తోపు వెనక ఇంకో తోపుగా జనం వస్తూ, వచ్చినవాళ్ళు పోకముందే నిండిపోతుంటే అది పోటెత్తడం. మామూలు రద్దీకి రద్దీ అన్న మాట ఉండనే ఉంది.

అంతకంటే పెద్ద నష్టం పాటు మరుగున పడటం. పోటును పత్రికలు బతికించాయి. ‘ఆటుపోట్లు’ షేర్ మార్కెట్ వార్తల్లో స్థిరపడింది. పాటు మాత్రం తీరం దాటి లోపలికి రాలేదు. బళ్ళో మనం ‘పర్వవేలా తరంగాలు (పెద్ద పోట్లు), లఘువేలా తరంగాలు (చిన్న పోట్లు)’ అని బట్టీ పట్టాం. పర్వం అంటే అమావాస్య, పున్నమి అని విడమరిచి చెప్తే పిల్లలకు సగం పాఠం అక్కడే అర్థమయ్యేది. పున్నమి పోటు, అష్టమి పోటు అని రాస్తే ఆ విడమరచడం కూడా అక్కర్లేదు. పాఠాలు రాసేవాళ్ళు ఈ గ్రూపులో ఉన్నారు, దయచేసి ఆలోచించండి.

కామెంట్లలో వచ్చిన ప్రశ్నలకు: తిరుమలలో ‘పోటు’ అంటే ప్రసాదాలు వండే వంటశాల. దాన్ని ఈ పోటుతో కలపడానికి నాకు ఆధారం కనిపించలేదు, వేరే మాటగానే చూడాలి. ‘గోదావరి పోటెత్తింది’ తప్పా అని అడిగినవారికి, తప్పు కాదు. నదిలో వరదకు చంద్రుడితో పని లేకపోయినా నీరు తోపులు తోపులుగా ఎక్కడం అదే. పైగా సముద్రం పోటు మీద ఉంటే నది సముద్రంలో కలిసే మొగ దగ్గర వరద నీరు త్వరగా దిగదని లంక ఊళ్ళవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పోటు ఆగి పాటు ఇంకా మొదలవని ఆ కాసేపటిని మా మిత్రుడు ‘నీరు నిలబడింది’ అన్నాడు. శ్రీకాకుళం, బాపట్ల, నెల్లూరు తీరాల వాళ్ళు దానికి మీ ఇంట్లో వాడే మాట ఏదో రాయండి. పెద్దవాళ్ళను అడిగి రాస్తే ఇంకా మంచిది, ఏ ఊరి మాటో కూడా చెప్పండి.