నారచీరా, తుంగా, జమ్మా? ‘ఫ్లోయినోస్’ దగ్గర ఇరుక్కుపోయాను

ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరోడొటస్‌ని తెలుగులోకి తెచ్చుకుంటూ ఒక్క మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. మూడో పుస్తకం, 98వ అధ్యాయం. ఇండియాలో నది పక్క చిత్తడిలో ఉండేవాళ్లు పచ్చి చేపలు తింటారనీ, వాళ్ల పడవ ఒక్కోటీ ఒక్క కణుపు రెల్లుతో అయిపోతుందనీ (ఎంత లావు రెల్లో మరి!) చెప్పి, వాళ్లు తొడుక్కునేది ‘ఎస్థేత ఫ్లోయినేన్’ అంటాడు. ఎస్థేస్ అంటే బట్ట, సరే. ఫ్లోయినోస్?

మొదట నారచీర అని రాసేశాను. ఫ్లోయోస్ అంటే బెరడు, ఇంటర్ బాటనీలో బట్టీ పట్టిన ఫ్లోయమ్ కూడా ఆ వైపు నుంచి వచ్చిందే, పైగా నారచీర అనగానే రాముడి వనవాసం కళ్ల ముందుకొస్తుంది, ఇంకేం కావాలి అనుకున్నా. తర్వాతి వాక్యం చదివి నాలుక కరుచుకున్నాను. నదిలోంచి ‘ఫ్లూస్’ కోసి, దంచి, చాపలా అల్లి, కవచంలా తొడుక్కుంటారట. నదిలో బెరడేమిటి!

– తుంగ అనేయండి, గొడవ వదిలిపోతుంది.

– అదీ కుదరదండీ. గ్రీకు నాటకకర్త అరిస్టోఫనీస్ ‘కప్పలు’ నాటకంలో (క్రీ.పూ. 405) కప్పలు కుపెయిరోస్‌లోంచీ ఫ్లెయోస్‌లోంచీ (మన ఫ్లూస్‌కే ఇంకో రూపం) గెంతామని పాడతాయి. అంటే రెండూ వేర్వేరు మొక్కలు. ఆ కుపెయిరోస్ పేరే బాటనీలో సైపరస్ అయింది, మన తుంగ ఆ సైపరసే. ఫ్లెయోస్‌కి నిఘంటువు చూపించేది దూదిలాంటి కంకులున్న గడ్డిని, మన రెల్లుకి దగ్గర చుట్టం. కానీ రెల్లు అంటే మనవాళ్లకి పాక కప్పు గుర్తొస్తుంది, నీళ్లు గుర్తురావు. అందుకే నా ఓటు నీళ్లలో పెరిగే జమ్ముకి.

– ‘దానితో చేసిన’ అని చెప్పే గ్రీకు ‘-ఇనోస్’కి మన ‘మయం’ పెట్టొచ్చుగా? మృణ్మయ పాత్ర లాగా?

– ‘జమ్ముమయం’ అంటే చెరువంతా జమ్ము పట్టేసిందని అర్థమొస్తుంది 😀 వాళ్లు లిథినోస్ (రాతితో చేసినది), క్సులినోస్ (కొయ్యతో చేసినది) అని ప్రత్యయం తగిలిస్తారు, మనం రాయిని ‘రాతి’ చేసి స్తంభం ముందు పెడతాం, కొయ్యకైతే అదీ అక్కర్లేదు, కొయ్యబొమ్మ అంతే. జమ్ముకీ అక్కర్లేదు.

నాకు అడ్డొస్తున్నది ‘బట్ట’. చిన్నప్పుడు తుంగచాప మీద పడుకుని లేస్తే చెంప మీద గీతలు పడి మధ్యాహ్నం దాకా పోయేవి కాదు, అలాంటిది ఒంటికి చుట్టుకోవడమంటే కవచమనే అనాలి. ప్రస్తుతానికి ‘జమ్ము అల్లిక’ అని పెట్టాను.