అప్‌డేట్: ఎనిమిదో తరగతి ఈల గొడవ

పోయిన నెల అడిగాను కదా, లెక్కల పీరియడ్ మొదలవగానే చివరి బెంచీ కుర్రాడు ఈల వేస్తాడు, క్లాసంతా గొల్లుమంటుంది, ఏం చేయాలని. "రెండు తగిలించండి" అన్నవాళ్లకు: 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం కొట్టడమే కాదు, మానసికంగా వేధించడమూ నిషేధం. పైగా నాకు చేయి రాదు.

అందరి ముందు తిట్టడం మానేశాను. ఇంటర్వెల్‌లో వరండాలోకి పిలిచి అడిగితే, చాలాసేపు చొక్కా గుండీ తిప్పుతూ నిలబడి, "భిన్నాలు రావు సార్, బోర్డు దగ్గరికి పిలుస్తారని..." అన్నాడు. ఇదా సంగతి!

ఐదో తరగతి లెక్కల నుంచి మొదలుపెట్టాం, మధ్యాహ్న భోజనం అయ్యాక పది నిమిషాలు. బోర్డు మీద చేయించే లెక్క ముందు రోజే చెప్పేస్తున్నాను. నిన్న తనే వచ్చి సుద్దముక్క తీసుకున్నాడు. లెక్క తప్పింది, ఎవరూ నవ్వలేదు. ఈల మాత్రం ఇంకా వినిపిస్తోంది, ఈసారి రెండో బెంచీ నుంచి.