మందస వైపు కొత్త ఫీల్డ్, కొత్త జోడీ, సర్దుకోలేకపోతున్నాను

తెనాలి కుర్రాడు:
అందరికీ వందనాలు. బైబిల్ ట్రైనింగ్ అయ్యాక మా సువార్త సంస్థ వాళ్లు నన్ను మొదట విజయనగరం టౌన్‌లో వేశారు. యూత్ మీటింగులు, పాటలు, బాగానే గడిచింది. ఈ మధ్యే శ్రీకాకుళం జిల్లా మందస మండలానికి మార్చారు. మా దగ్గర ఎవర్నీ ఒంటరిగా పంపరు, ఇద్దరిద్దరే వెళ్లాలి, ఒకే గది, ఒకే వంట. నా జోడీ అన్నయ్యది ఈ వైపే, నాకంటే బాగా పెద్ద. మంచివాడే, కాదనను. కానీ అసలు మాట్లాడడు. తెల్లారుజామున లేచి గట్టిగా ప్రార్థన, తర్వాత చోడి (రాగి) అంబలి, తర్వాత బయల్దేరడం, ఎటు వెళ్తున్నామో మాత్రం చెప్పడు.

అసలు ఇబ్బంది ఇది కాదు. వారంలో సగం రోజులు ఎవరో ఒక కిడ్నీ పేషెంటుని ఆటోలో పలాస డయాలసిస్‌కి తీసుకెళ్తాడు. అక్కడ గంటల తరబడి కూర్చుని, మళ్లీ వాళ్ల ఇంటి దగ్గర దింపి రావాలి. వాళ్లలో చాలామంది చర్చికి వచ్చేవాళ్లు కూడా కాదు. అక్కడ నాలుగు మాటలు వాక్యం చెబుదామంటే "ఇక్కడొద్దు తమ్ముడూ" అంటాడు. మరి నెలాఖరుకి ఎన్ని ఇళ్లు దర్శించాం, ఎన్ని కూటాలు పెట్టాం అని రిపోర్టు రాయాలి కదా, నేనేం రాయను? కొండ మీద సవర గిరిజనుల గూడేలకి వెళ్తే ఆయన సవర భాషలోనే మాట్లాడతాడు, నాకు ఒక్క ముక్క అర్థం కాదు. ట్రాన్స్‌ఫర్ అడగమంటారా?

పలాస బావు:
నేను చర్చి మనిషిని కాదు తమ్ముడూ, మా నాన్న డయాలసిస్ మీద ఉన్నాడు కాబట్టి రాస్తున్నాను. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, పలాస, నువ్వున్న మందస, ఇదంతా ఉద్దానం అనే ప్రాంతమే, ఇక్కడ చాలామందికి వచ్చే ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తుందో ఇప్పటికీ గట్టిగా తేల్చినవాళ్లు లేరు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, సంతోషమే, కానీ కొడుకులు పనులకని హైదరాబాదో చెన్నైయో పోయిన ఇంట్లో ముసలాయన్ని అక్కడిదాకా ఎవరు తీసుకెళ్తారు? డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోయి మనిషి తూలుతుంటాడు. ఆ టైంలో పక్కన కూర్చుని పుస్తకం తీస్తే మా నాన్నయితే తిట్టేసేవాడు. మీ అన్నయ్య వద్దన్నాడంటే ఇక్కడి మనుషుల సంగతి తెలిసినవాడు.

ఇంకోటి, మార్చి నుంచి మే దాకా జీడితోటల్లో పని ఉంటుంది, పగలు వెళ్తే ఇళ్లకి తాళాలే. సాయంత్రం వెళ్లి బేగి వచ్చేయండి.

విజయనగరం ఆంటీ:
బాబూ, మా వారు పాస్టరుగా ఉన్నన్నాళ్లూ మీలాంటి జోడీలు మా ఇంట్లోనే భోజనం చేసేవారు, వాళ్ల తగువులన్నీ నా దగ్గరికే వచ్చేవి. లైటు ఎప్పుడు ఆర్పాలి, ఫోన్ ఎంతసేపు, కూరగాయల డబ్బులు ఎవరివి, అన్నీ ఇలాంటివే. మీ అన్నయ్యని నేను పూర్తిగా వెనకేసుకురాను. జూనియర్‌ని వెంటేసుకుని ఎక్కడికెళ్తున్నామో చెప్పకపోవడం పద్ధతి కాదు. ఆదివారం రాత్రి కూర్చోబెట్టి వారం మొత్తం ఎటెటు వెళ్లాలో అడుగు, ఒక సాయంత్రం కూటం నాకు వదిలెయ్యమని అడుగు. మార్కు అనే అతన్ని వెంట తీసుకెళ్లాలా వద్దా అని పౌలుకీ బర్నబాకీ వాదం ముదిరి విడిపోయారు, అపొస్తలుల కార్యములు 15లో ఉంది కదా. విడిపోవడం పాపమేం కాదు. కానీ వాళ్లు ఎదురెదురుగా వాదించుకున్నాకే విడిపోయారు, నువ్వు ఆయన్ని ఇంకా ఒక్క మాటా అడిగినట్టు లేదు.

రిపోర్టులో జరిగిందే రాయి. ఆసుపత్రికి తోడు వెళ్లామని రాయడానికి ఫారంలో గడి లేకపోతే వెనక పేజీ ఖాళీగానే ఉంటుంది.

కొండ మాస్టారు:
నేను సవరనే, మెళియాపుట్టి వైపు బడిలో చెప్తాను. మా భాష ముండా కుటుంబంలోది, తెలుగు వచ్చు కదా అని వింటూ ఉంటే వచ్చేసేది కాదు. గిడుగు రామమూర్తి గారంతటి వారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ ఏళ్ల తరబడి సవరల దగ్గర కూర్చుని నేర్చుకున్నారు, ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో గానీ అచ్చు కాలేదు. అందుకని మీ అన్నయ్య మాట్లాడుతుంటే ఊరికే నిలబడక రోజూ కొన్ని మాటలు రాసుకో.

కొన్ని ఇళ్లలో గోడ మీద తెల్లటి బొమ్మలు ఉంటాయి, అవి పూజవి, చేయి వేయకు, వాటి మీద వ్యాఖ్యానాలూ వద్దు. ఒకే ఇంట్లో చర్చికి వెళ్లేవాళ్లూ వెళ్లనివాళ్లూ ఉంటారు, ఆ గొడవల్లో కొత్తవాడు దూరకూడదు. చుట్టాలున్నారు రమ్మని ఎవరైనా బోర్డరు దాటించి ఒడిశా గూడేలకి తీసుకెళ్తే జాగ్రత్త. బలవంతంగా, ఆశపెట్టి, మోసగించి మతం మార్చితే శిక్ష వేసే చట్టం అక్కడ 1967 నుంచే ఉంది. నువ్వు అలాంటిదేం చేయకపోయినా ఎవరో ఒకరు కంప్లయింట్ ఇస్తే టెన్షన్ నీకే, మీ పెద్దలకి చెప్పకుండా వెళ్లకు.

తెనాలి కుర్రాడు:
థాంక్సండీ. ఆంటీ, ఆదివారం అడుగుతాను. బావుగారూ, ఆసుపత్రిలో వద్దన్నది ఒప్పుకుంటాను గానీ నన్ను పంపింది వాక్యం చెప్పడానికే, ఆ విషయం మాత్రం ఆయనతో తేల్చుకోవాలి. మాస్టారూ, సవర నేర్చుకోవడానికి తెలుగు లిపిలో ఏమైనా దొరుకుతుందా?

కొండ మాస్టారు:
బడి పిల్లల కోసం వేసిన సవర వాచకాలు తెలుగు లిపిలోనే ఉన్నాయి. ఒకటో తరగతిదే ముందు చదువు, పెద్దవాణ్ని కదా అని మూడోది అడగొద్దు. వచ్చి ఫోన్‌లో ఫొటోలు తీసుకో, పుస్తకం మాత్రం ఇవ్వను, పిల్లలకే చాలట్లేదు.