ఈ వారం సమస్య: "రాయి పాడె మధుర రాగ మొకటి"

ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాం. 'రాయి' అంటే ఇక్కడ రాక్ సంగీతమే. 1976లో వచ్చిన అమెరికా రాక్ బృందం 'బోస్టన్' పాట 'మోర్ దాన్ ఎ ఫీలింగ్', దాన్ని కట్టిన టామ్ షోల్జ్ ప్రస్థానం, ఈ రెండింటికి లోబడి పూరించాలి. గోల్కొండ ఫతే దర్వాజా మీద ఇప్పటికే రెండు పూరణలు వచ్చాయి. అక్కడ రాయి పాడదు, చప్పట్లకి జవాబిస్తుంది. అవి పక్కన పెట్టాం.

నల్లకుంట నుంచి:

పగలు యంత్రశాలఁ బనిచేసి రేయెల్ల
నింటి యడుగునందె యెన్నొ యేండ్లు
పొరలు పొరలు గాను బోస్టనుఁ గూర్పఁగా
రాయి పాడె మధుర రాగ మొకటి

నిర్వాహకుడు: ప్రశస్తమైన పూరణ. షోల్జ్ ఎంఐటీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి కెమెరాల కంపెనీ పోలరాయిడ్‌లో ఉద్యోగం చేస్తూ, ఇంటి కింది గదిలో 12 ట్రాకుల (అంటే 12 భాగాల్ని విడివిడిగా రికార్డు చేసే) స్కల్లీ టేపు యంత్రం మీద ఈ పాటలు కట్టాడు. 'పొరలు పొరలు' అన్నది అలంకారం కాదు, పని పద్ధతే. ఒకే గిటార్ భాగాన్ని రెండుసార్లు విడివిడిగా వాయించి ఒకటి ఎడమ స్పీకరుకి, ఒకటి కుడి స్పీకరుకి పెడితేనే శబ్దానికి ఆ వెడల్పు వస్తుంది. ఒకసారి వాయించినదాన్నే నకలు తీసి రెండు పక్కలా పెడితే శబ్దం పెరుగుతుంది తప్ప వెడల్పు రాదు. నకలుని కొన్ని మిల్లీసెకన్లు జరిపి మోసం చేద్దామంటే, రెండూ కలిసి వినిపించే చోట కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి తినేస్తాయి, డొల్లగా వినబడుతుంది.

మలక్‌పేట నుంచి ఒక సందేహం: 'బోస్టన్' అనే రాయొచ్చు కదా, 'బోస్టను' ఎందుకు?

నిర్వాహకుడు: పొల్లు నకారం వల్ల 'స్ట' గురువై రెండు గురువులే మిగులుతాయి, అది ఇంద్రగణం కాదు. ఉకారం చేరిస్తే భగణం, అది ఇంద్రగణమే.

చిక్కడపల్లి నుంచి:

పదియు రెండు తీఁగెఁ బల్కు గిటారుపై
విడిగ విడిగ మీటి గోళ్ళతోడ
మెల్లమెల్లఁ బెరిగి మిన్నంటు నాదాన
రాయి పాడె మధుర రాగ మొకటి

నిర్వాహకుడు: రెండో పాదంలో యతి తప్పింది. 'వి'కి 'గో' కుదరదు. 'వేళ్ళతోడ' అంటే సరి. 'పన్నెండు' తగణం, సూర్యగణాల చోట పట్టదు కనుక 'పదియు రెండు' అని విడగొట్టడం తెలివైన పని. మూడో పాదం నాకు బాగా నచ్చింది. పాట నిజంగానే నిశ్శబ్దం నుంచి మెల్లగా పెరుగుతూ మొదలవుతుంది.

సైనిక్‌పురి నుంచి: వాయించేవాళ్ళ కోసం ఒక మాట. ఆరంభంలో కార్డులు (కలిపి మోగించే స్వరాల కూర్పులు) డీ, డీ సస్4, సీ ఆడ్9, జీ/బీ, జీ. ఉంగరపు వేలు రెండో తీగ మూడో మెట్టు (ఫ్రెట్) మీద పెట్టి, డీ నుంచి సీ ఆడ్9 దాకా ఎత్తకండి. మిగతా వేళ్ళు దాని చుట్టూ తిరగాలి. ఎత్తితే స్వరాల గొలుసు తెగుతుంది, కొత్తవాళ్ళకి తొంభై పాళ్ళు చెడేది ఇక్కడే. సస్4కి చిటికెన వేలు మొదటి తీగ మూడో మెట్టు మీదికి. కోరస్ జీ, సీ, ఈ మైనర్, డీ. పన్నెండు తీగల గిటార్‌లో తీగలు ఆరు జంటలు, వాటిలో తరచుగా తెగేది మూడో జంటలోని సన్న తీగ. అన్నీ ఒక స్వరం కిందికి దించి, రెండో మెట్టు మీద కేపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే బిగింపు) బిగిస్తే, శ్రుతి మారకుండానే తీగకీ గిటార్ మెడకీ భారం తగ్గుతుంది.

మలక్‌పేట నుంచి:

ఒక్క గొంతు తానె యొకబృందమై నిల్చి
పైకి పైకి నెగసి పట్టు విడక
బ్రాడు డెల్పు పిలువ బండలే కరుగఁగా
రాయి పాడె మధుర రాగ మొకటి

నిర్వాహకుడు: ఛందస్సు నిర్దోషం. అన్వయమే చిక్కు. బండలన్నీ కరిగిపోయాక ఇక పాడే రాయి ఏదండీ? 'బండలే పులకించ' అని సవరించండి, సలగణంతో సరిపోతుంది. 'పట్టు విడక' మాత్రం అచ్చంగా ఈ పాటదే. పాటలో మేరియాన్ అనే అమ్మాయి నడిచి వెళ్ళిపోయే చోట బోస్టన్ గాయకుడు బ్రాడ్ డెల్ప్ స్వరం పైకెక్కి అలాగే నిలబడుతుంది. అది ఎక్కడ ఆగిందో, గిటార్ ఎక్కడ అందుకుందో ఒక పట్టాన తెలియదు.

నల్లకుంట నుంచి రెండో పూరణ:

ఎనిమిదేండ్లు పట్టె నెవరెంత యన్నను
మూఁడవదియు వెలికి మురిసి రాఁగ
నగ్రపీఠ మెక్క నమెరికా యందునన్
రాయి పాడె మధుర రాగ మొకటి

సైనిక్‌పురి నుంచి: లెక్క సరే. రెండో ఆల్బమ్ 1978, మూడోది 1986. కానీ ఈ సమస్యకి మూలమైన 1976 పాట అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్‌లో ఎక్కింది ఐదో స్థానం దాకానే. అగ్రపీఠం 1986లో, మూడో ఆల్బమ్‌లోని 'అమండ' పాటది. ఆ నడిమి కాలంలో షోల్జ్ ఊరికే లేడు. 1982లో నడుముకి తగిలించుకునే హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ 'రాక్‌మన్' తెచ్చాడు. దాని మీద ఒక్క పూరణా రాలేదేం?

నిర్వాహకుడు: 'రాగ మొకటి' అన్నాం కనుక షోల్జ్ కట్టిన ఏ పాటైనా సరే, ఒప్పుకుంటాను. 'అమండ' పేరు పెట్టలేదంటే కారణం ఛందస్సే. జగణం, ఆటవెలదిలో విడిగా పట్టదు. ముందొక లఘువు చేరితే సలగణం అవుతుంది. ఆ లఘువుకి యతి కుదిర్చి ఎవరైనా పంపితే చూస్తాను.