చీమ ‘కుట్టనా’ అన్నది ఏ అర్థంలో?

కడప:
ఏడు చేపల కథను మా వీధి పిల్లల కోసం బొమ్మల పుస్తకంగా చేస్తున్నాను. కుడి పేజీలో ప్రశ్న, పేజీ తిప్పితే జవాబు. చేప నుంచి అవ్వ దాకా బాగానే వచ్చింది. అక్కడ ఆగిపోయాను. అవ్వకూ ఏడ్చే పిల్లాడికీ మధ్య మా జేజి ఇంకొక మెట్టు చెప్పేది. “అవ్వా అవ్వా, బువ్వెందుకు పెట్టలేదు?” అంటే “పొయ్యి …ట్టలేదు” అని. ఆ ఖాళీలో ఉన్నది ‘ముట్టలేదు’నా, ‘పట్టలేదు’నా? పొయ్యిని అడిగితే అది ఏం చెప్పేదో కూడా గుర్తు రావడం లేదు. మీ ఇళ్లలో ఎవరైనా విన్నారా?

ఇంకొకటి కూడా అడుగుతాను. చీమ “నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?” అంటుంది కదా. బొమ్మలు వేసే అమ్మాయి చీమ ముఖం కోపంగా ఉండాలా, మామూలుగా ఉండాలా అని అడుగుతోంది.

గుత్తి:
మా వైపు పొయ్యి ముట్టిస్తాం కాబట్టి ‘ముట్టలేదు’ అయ్యుండాలి. కానీ మీ రెండో ప్రశ్నే అసలైనది. కుట్టనా అంటే కుట్టను + ఆ. వ్యతిరేక క్రియ మీద ప్రశ్న. “కుట్టకుండా ఉంటానా” అని. చీమకు కోపం ఉంది, సందేహం లేదు.

ఆదోని:
అంత తేలిగ్గా తేలదు సార్. “నీ పెండ్లికి నేను రానా?” అని ఒకసారి పలికి చూడండి. అలిగినవాడు అంటే “ఎందుకు రాను, వస్తాను” అని. పిలుపు అందనివాడు అంటే “రమ్మంటావా” అని. అక్షరాలు అవే, మారేది గొంతు ఒక్కటే. చీమ మాటను అనుమతి అడుగుతున్నట్టుగానే చెప్పినవాళ్లు మా ఇంట్లో ఉన్నారు. “పుట్టలో వేలు పెడితే… కుట్టనా?” అని సాగదీసి, పిల్లాడి పొట్ట మీద వేలు పెట్టి, వాడు వద్దు వద్దు అని నవ్వేదాకా ఆగేవాళ్లు.

ప్రొద్దుటూరు:
ఆదోని అక్క చెప్పింది ఆట. కథలో అర్థం వేరు. కావ్యభాషలో అనుమతి అడగాలంటే ‘కుట్టుదునా’ అనాలి. ‘కుట్టనా’ను అనుమతికి వాడటం తర్వాత వచ్చిన అలవాటు. కథ పాతది కాబట్టి వ్యతిరేకార్థమే.

ఆదోని:
కథ పాతదే. ఆ వాక్యం కూడా అంతే పాతదని ఎట్లా చెప్తారు? నోటి కథలో మాట తరానికొకసారి మారుతుంది. మా వాళ్లు “చేపా చేపా ఏంటికి ఎండలే” అంటారు, మీ పుస్తకాల్లో “ఎందుకు ఎండలేదు” అని ఉంటుంది.

ప్రొద్దుటూరు:
మంచి మాట ఎత్తారు. ఎందుకు, ఏంటికి రెండూ నాలుగు మాత్రలే (మాత్ర అంటే పొట్టి అక్షరం పలికేంత సేపు). అందుకే మాట మారినా నడక చెడలేదు. కడప మేడమ్ ఇష్టం వచ్చింది వేసుకోవచ్చు. నేనైతే ‘ఏంటికి’ అనే వేస్తాను.

గుత్తి:
అట్లయితే గడ్డి బదులు కసువు అని కూడా వేయండి. మా ఊళ్లో ఆవు మేసేది కసువే. బువ్వ బదులు సంగటి పెట్టండి. కథ మనదని పిల్లలకు తెలియాలి కదా.

ప్రొద్దుటూరు:
అక్కడే ఒప్పుకోను. ‘కసువు’కూ ‘గడ్డి’కీ మాత్రలు మూడే, నడకకు ఇబ్బంది లేదు. ప్రాస పోతుంది. ఈ కథ నిలబడిందే ప్రాస మీద. వరసగా చూడండి. గడ్డిమోపు అడ్డమొచ్చింది: గడ్డి, అడ్డ. అవ్వ బువ్వ పెట్టలేదు: అవ్వ, బువ్వ. పుట్టలో వేలు పెడితే కుట్టనా: పుట్ట, కుట్ట. మూడు చోట్లా రెండో అక్షరం ద్విత్వమే (ఒకే హల్లు జంటగా), దాని ముందుది గురువే (రెండు మాత్రలది). చివరి అక్షరాలు కలిపే అంత్యప్రాసను ఇప్పుడు పిల్లల పాటలన్నిటికీ తగిలిస్తున్నారు. మన చెవికి పట్టేది పదం మొదట్లో వచ్చే ఈ దెబ్బ. సంగటి పెడితే అవ్వ ఒంటరిదైపోతుంది.

తాడిపత్రి:
ఇది వేమన చేసిన పనే. “ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు” తర్వాత పాదం “చూడ చూడ రుచుల జాడ వేరు”. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలోని ఒక అక్షరంతో కుదిరే పొత్తు, చూ-కు జా-తో కుదరదు. అక్కడ నడిపించేది ప్రాసయతి, చూడకూ జాడకూ. ఈ పద్యం ఛందస్సు ఆటవెలది. దానికి ప్రాస నియమం లేకపోయినా యతి స్థానంలో ప్రాసను తెచ్చుకునే వెసులుబాటు ఉంది. పొలం గట్ల మీద నుంచి అవ్వల దాకా వేమన నిలిచింది ఆ చెవి వల్లనే. బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించేటప్పటికి జనం నోట ఎన్నో పాఠాలు తిరుగుతున్నాయి. ఒక్కొక్క పాఠం ఒక్కొక్క ఊరి చెవి.

గుత్తి:
వేమన దాకా పోయినాం కాబట్టి ఒక మాట. పిల్లల పుస్తకానికి ఆయన పద్యాల్లో దగ్గరగా వచ్చేది ఉప్పు కప్పురం కాదు. “చెప్పులోని రాయి చెవిలోని జోరీగ, కంటిలోని నలుసు కాలిముల్లు, ఇంటిలోని పోరు ఇంతింత గాదయా”. ఒకదాని మీద ఒకటి పేరుస్తూ పోతాడు. అన్నీ చిన్నవే, చివరిది ఇంటినంతా పట్టేది. ఏడు చేపల కథలో దీనికి ఎదురుగా నడుస్తాం. రాజు దగ్గర మొదలుపెట్టి చీమ దగ్గర తేలతాం.

తాడిపత్రి:
అది పేర్పు, ఇది గొలుసు. రెండూ ఒకటి కావు. ‘ఇంతింత గాదయా’లో ‘కాదు’ కూడా వ్యతిరేక క్రియేనని గుర్తు పెట్టుకోండి, చీమ దగ్గరికి మళ్లీ రావాలి.

జమ్మలమడుగు:
వస్తాను. ప్రాస లెక్క బాగుంది కానీ మూడో జతను సగమే చెప్పారు. మా అమ్మమ్మ ‘పెడితే’ అనేది కాదు, ‘పెట్టితే’ అనేది. పుట్ట, పెట్టి, కుట్ట. మూడు ట్టలు. పెడితే అనగానే మధ్యలో ఒక దెబ్బ తప్పిపోతుంది. పెట్టితే పాత రూపం, అదే వేయండి.

ఆదోని:
పిల్లలకు చదివి వినిపించే అమ్మానాన్నలు ‘పెట్టితే’ అన్నచోట తడబడతారు. బొమ్మల పుస్తకం చదివేది పెద్దవాళ్లే, వాళ్ల నోరు కూడా చూడాలి.

ప్రొద్దుటూరు:
తడబడనివ్వండి. రెండోసారికి అలవాటవుతుంది. అలవాటైన మాటలోనే చదివితే పిల్లలకు ఇంట్లో లేని మాట ఎక్కడ దొరుకుతుంది?

తాడిపత్రి:
అందరూ కుట్టను, కుట్టుదును అని చూస్తున్నారు కానీ చివరి ‘నా’ ఎవరి ‘నా’ అని చూడటం లేదు. కథలో ఎవరిని అడిగినా ఇంకొకరి పేరు చెప్తారు. గడ్డిమోపు అడ్డమొచ్చింది. ఆవు మేయలేదు. జీతగాడు మేపలేదు. అవ్వ బువ్వ పెట్టలేదు. పిల్లాడు ఏడ్చినాడు. చీమ కుట్టింది. అన్ని క్రియలూ ప్రథమ పురుషలోనే (వాడు, అది అన్నట్టు). ‘నేను’ అన్నవాళ్లు ఒక్కరూ లేరు. మొదటిసారి ఉత్తమ పురుష (నేను అనే క్రియ) వచ్చేది చీమ నోట్లోనే. ఆ వాక్యం ‘నా’తో మొదలై ‘నా’తో ముగుస్తుంది: నా బంగారు పుట్టలో… కుట్టనా. మొదటిది షష్ఠి (నాది అని), రెండోది క్రియ చివర వచ్చిన ‘ను’ మీద ప్రశ్న. వ్యాకరణంలో వేరువేరు. చెవికి ఒకటే. అంతమంది నెపం ఇంకొకరి మీదికి తోసినాక, తాను చేసిన పని తానే ఒప్పుకుని కారణం చెప్పింది చీమ ఒక్కటే. అందుకే ముఖంలో కోపం వద్దు, జంకు కూడా వద్దు. తల ఎత్తి నేరుగా చూస్తుండాలి.

గుత్తి:
ఇది నేను ఒప్పుకుంటాను. వ్యతిరేకార్థం మాత్రం వదలను. తల ఎత్తి మాట్లాడే చీమ అనుమతి అడగదు.

ఆదోని:
నేనూ వదలను. ఒకే మాటలో రెండూ ఉండటమే ఆ కథ బలం. బొమ్మలో ఒకదాన్ని ఖాయం చేస్తే రెండోది పోతుంది. చీమను వెనక నుంచి గీయమనండి.

కడప:
వెనక నుంచి గీయడం వద్దక్కా, మూడేళ్ల పిల్లలు ముఖమే వెతుకుతారు. తాడిపత్రి అన్న చెప్పినట్టు తల ఎత్తిన చీమను వేయమన్నాను. గడ్డి, బువ్వ అట్లే ఉంచుతాను. పాలేరును జీతగాడు చేశాను. పెట్టితేనా, పెడితేనా అన్నది రేపు గట్టిగా చదివి చూస్తాను. పొయ్యి సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

ప్రొద్దుటూరు:
పొయ్యి ముట్టలేదంటే ‘ట్ట’ ఒకటి ముందే వచ్చేస్తుంది, చీమ దగ్గర దెబ్బ పలచబడుతుంది. మీ జేజి అట్లా చెప్పి ఉండరనుకుంటా. కట్టె తడిసిందేమో.

జమ్మలమడుగు:
ముందు ఒకసారి వస్తేనే కదా చివర్లో చెవి ఎదురుచూసేది. నాకైతే ముట్టలేదు అన్నదే ఇంపుగా ఉంది.

తాడిపత్రి:
మేడమ్, మీరు పేరుస్తూ పోయే పుస్తకమే కావాలనుకుంటే ఏడు చేపలు చాలదు. అది గొలుసు. ఒక ప్రశ్న తీరగానే ముందుది వదిలేసి పోతాం. నిజంగా పేర్చేది పేరు మరిచిన ఈగ కథ. ఎవరి దగ్గరికి పోయినా మొదటి నుంచి అందరినీ పిలవాలి. “లేగా, లేగను కన్న తల్లీ, తల్లిని కాసే గొల్లవాడా, గొల్లవాని చేతి కర్రా, కర్రనిచ్చిన మానూ, మాని మీది కొంగా, కొంగ నిలిచే చెరువా, చెరువులో చేపా, చేపను పట్టే జాలరీ…” పేజీ పేజీకీ వరస పెరుగుతుంది, పిల్లలు ఊపిరి బిగపట్టి అందుకుంటారు. మా ఇంట్లో జాలరి తర్వాత అతని చేతి కుండ, కుండ చేసిన కుమ్మరి, కుమ్మరి తవ్విన మన్ను, మన్నులో మొలిచిన గడ్డి, గడ్డి తినే గుర్రం, గుర్రం కడుపులో పిల్ల.

ఆదోని:
మా ఇంట్లో కుండ లేదు, జాలరి చేతిలో వలే. వల నుంచి కుమ్మరి దగ్గరికి ఎట్లా పోయేవాళ్లో ఇప్పుడు పట్టుకోలేకపోతున్నాను. ఆ చివర గుర్రప్పిల్ల ‘ఇహిహీ’ అని సకిలిస్తే ఈగకు పేరు గుర్తొస్తుంది కదా. ఆ ‘ఈ’ దీర్ఘం మొదట ఉండాలా, చివరనా?

గుత్తి:
మొదటనే. ఈగలో ఈ మొదటే ఉంది.

ఆదోని:
గుర్రం సకిలింపును ఎప్పుడైనా దగ్గర నుంచి విన్నారా సార్? సాగేది చివరే.