నల్లరేగడిలో కట్టిన ఇంటి మూల కుంగుతోంది: పునాది కింద తవ్వించాలా?

ప్రశ్న

నంద్యాల సమీపంలోని మా గ్రామంలో 2011లో నల్లరేగడి నేల మీద ఇల్లు కట్టించుకున్నాము. పిల్లర్లు లేవు, రాతి పునాది మీద తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు లేపి స్లాబు వేశారు. కొన్ని వేసవులుగా ఆగ్నేయ మూల గదిలో కిటికీ పై మూల నుంచి స్లాబు వరకు ఇటుకల సందుల వెంట మెట్లు మెట్లుగా ఒక పగులు సాగుతోంది. అది కింద వెంట్రుకంత సన్నగా ఉండి, పైన రూపాయి నాణెం దూరేంత వెడల్పుగా ఉంది. వానలు పడ్డాక కొంత మూసుకుంటుంది గానీ ఆ గది తలుపు మాత్రం గడపకు రాసుకుంటూనే ఉంది. మూలకు ఆరేడు అడుగుల దూరంలో వేపచెట్టు, దాని పక్కనే స్నానాల గది నీళ్లు పోయే చాంబరు ఉన్నాయి. పుట్టీ పెట్టి రంగు వేస్తే చాలునని ఒక మేస్త్రీ, పునాది కింద తవ్వి కాంక్రీటు నింపవలసిందేనని మరొకరు అంటున్నారు. దయచేసి తెలిసినవారు సలహా ఇవ్వగలరు.

మొదటి సమాధానం

అయ్యా, ఆగ్నేయం కాబట్టి ఈపాటికి వాస్తు సలహాలు కూడా విని ఉంటారు. వాటిని పక్కన పెట్టి నేలను చూడండి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. వేసవిలో ఇంటి చుట్టూ ఉన్న మన్ను ఎండిపోతుంది, గచ్చు కింద ఉన్న మన్ను మాత్రం తేమను నిలుపుకుంటుంది. అందువల్ల ఇంటి నడుమ భాగం కదలకుండా ఉండి, మూల కిందికి దిగుతుంది. మూల దిగినప్పుడు పగులు పైభాగంలో వెడల్పుగా ఉంటుంది. నడుమ భాగమే కుంగితే కింద వెడల్పవుతుంది. స్లాబుకు సరిగ్గా అడుగున, గోడ పొడవునా అడ్డంగా వచ్చే గీత చాలావరకు ఎండకు స్లాబు సాగడం వల్ల వచ్చేదే గనుక, దానిని చూసి పునాదిని అనుమానించనక్కరలేదు.

మీ పగులు వానలకు మూసుకుంటోందంటే ప్రధాన కారణం బరువు కాదు, తేమలో వచ్చే మార్పే. అయితే తలుపు తిరిగి సర్దుకోకపోవడాన్ని బట్టి, ఏటా కొంత దిగుదల మిగిలిపోతోందని అనుమానించాలి. కాబట్టి పగులుకు అడ్డంగా రెండు మూడు చోట్ల చిన్న గాజు ముక్కలను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి, పక్కనే పెన్సిలుతో తేదీ రాయండి; పగులు కదిలితే అవి విరుగుతాయి. లెవెల్ ట్యూబు (ఎత్తులు సరిపోల్చే నీళ్ల గొట్టం) పట్టి ఇంటి చుట్టూ బేస్‌మెంట్ ఎత్తులను కూడా నమోదు చేసుకోండి. ఒక వేసవి, ఒక వానాకాలం గడిచేదాకా ఈ పరిశీలన సాగాలి. ఈలోగా పగులు అర అంగుళానికి చేరినా, గోడ బయటికి వాలినా ఆలస్యం చేయకుండా స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించండి.

రెండవ సమాధానం

పై వివరణతో ఏకీభవిస్తున్నాను గానీ, చాంబరును ఏడాది పాటు అలా వదిలేయడం మంచిది కాదు. దానిని నీళ్లతో నింపి, వచ్చే పైపులను మూసి, ఒక రాత్రి గడిచాక మట్టం తగ్గిందేమో చూడండి. తగ్గితే ఆ నీరు పునాది పక్కకే ఇంకుతున్నట్లు. ఒక పక్క చాంబరు నేలను నానబెడుతుంటే, మరో పక్క వేప వేళ్లు తేమను పీల్చేస్తుంటాయి. ఒకే మూల కింద నేల రెండు రకాలుగా కదలడానికి ఇంతకన్నా కారణం అక్కరలేదు.

చెట్టును వెంటనే కొట్టించమనేవారు చాలామంది ఉంటారు. అది ఇంటికన్నా పాతదైతే తొందరపడవద్దు, ఎందుకంటే వేళ్లు పీల్చడం మానేశాక ఎండిన మన్ను మళ్లీ తేమ పట్టి ఉబ్బి, పునాదిని పైకి నెట్టే ప్రమాదం ఉంది. ముందు కొమ్మలను తగ్గించండి.

ప్రశ్న వేసినవారు

కృతజ్ఞతలండీ. వేప మేము స్థలం కొన్నప్పటి నుంచే ఉంది. చాంబరు పరీక్ష చేయిస్తాను. ఒకవేళ పునాది కింద పని చేయించక తప్పకపోతే ఎలా చేయించాలి?

మొదటి సమాధానం ఇచ్చినవారు

ముందుగా మూల పక్కన ఒక గొయ్యి తవ్వించి పునాది ఎంత లోతుకు వెళ్లిందో చూడండి. మూడు నాలుగు అడుగుల దగ్గరే ఆగిపోతే అది ఋతువులతో కదిలే పొరలోనే ఉన్నట్లు. ఇలాంటి నేలల కోసం రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున గుబ్బలా వెడల్పయ్యే పైళ్లను (నేలలోకి లోతుగా దిగే కాంక్రీటు స్తంభాలను) రూపొందించింది. నల్లరేగడి పొర లోతుగా ఉన్నచోట అవి కనీసం 3.5 మీటర్ల లోతుకు దిగాలని భారతీయ ప్రమాణం చెబుతోంది. దీన్నిబట్టి, పాత పునాది కింద అడుగో రెండడుగులో కాంక్రీటు నింపినంత మాత్రాన ప్రయోజనం ఉండదని గ్రహించగలరు.

తవ్వవలసి వస్తే గోడ పొడవునా ఒకేసారి తవ్వనివ్వకండి. మీటరు, మహా అయితే మీటరున్నర ముక్కలుగా విడదీసి, పక్కపక్క ముక్కలను ఒకేసారి తెరవకుండా పని చేయాలి. తవ్విన ముక్కలో పోసే కాంక్రీటుకూ పైనున్న పాత పునాదికీ నడుమ రెండు మూడు అంగుళాల సందు వదిలి, కాంక్రీటు గట్టిపడ్డాక ఆ సందులో నీళ్లు తక్కువ కలిపిన పొడి సిమెంటు మాలును గట్టిగా కూరాలి. ఆ తరువాతే పక్క ముక్క తెరవాలి. దీనికి ఇంజనీరు గీసి ఇచ్చిన నక్షా, పని జరిగినన్నాళ్లూ ఆయన పర్యవేక్షణ ఉండాలి.

నా అభిప్రాయంలో మీకు అంతదాకా రాకపోవచ్చు. చాంబరు బాగు చేయించి, ఇంటి చుట్టూ కనీసం ఒకటిన్నర మీటరు వెడల్పున బయటికి వాలు ఉండేలా గచ్చు చేయించి, స్లాబు నీళ్లు పైపుల ద్వారా దాని అవతలికి పోయేలా చూడండి. గోడకూ గచ్చుకూ మధ్య సందును తారుతో నింపించండి. గాజు ముక్కలు ఒక ఏడాది పగలకుండా నిలిస్తే, అప్పుడు పగులుకు అడ్డంగా ఇటుక వరుసల్లో సన్నని ఊచలు కూర్చి, సిమెంటు పాలు ఎక్కించి పూయించవచ్చు. పుట్టీ, రంగు ఆ తరువాతే.