వేడెక్కాక స్పార్క్ పోతోంది: కాయిలా, మాడ్యూలా?

డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ని ఒక్కో ప్లగ్గుకి పంచేది) ఉన్న పాత పెట్రోల్ సెడాన్. పాయింట్లు (కాయిల్ కరెంటుని తెంచే పాతకాలపు మెకానికల్ స్విచ్) లేవు, పికప్ కాయిల్ (డిస్ట్రిబ్యూటర్ తిరగడాన్ని పసిగట్టి సిగ్నల్ ఇచ్చేది), ఇగ్నిషన్ మాడ్యూల్ (ఆ సిగ్నల్‌తో కాయిల్ కరెంటుని తెంచే ఎలక్ట్రానిక్ స్విచ్) ఉన్న రకం. చల్లగా ఉంటే వెంటనే స్టార్టవుతుంది. బాగా వేడెక్కాక ఉన్నట్టుండి ఆగిపోతుంది, చల్లారితే మళ్లీ మామూలే.

ఆగినప్పుడు ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్‌కి కావలసిన హై వోల్టేజీ తయారుచేసేది) ప్లస్‌కి 12 వోల్టులు వస్తున్నాయి. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌కి వెళ్లే వైరు మార్చి, దాని చివర స్పార్క్ టెస్టర్ పెట్టినా స్పార్క్ లేదు. అంటే క్యాప్, రోటర్, ప్లగ్గుల తప్పు కాదు. కాయిల్ ప్రైమరీ చుట్ట రెసిస్టెన్స్ 1.4 ఓమ్‌లు, సెకండరీ చుట్టది 9 కిలో ఓమ్‌లు. వేడిమీద కొంచెం పెరిగాయి గానీ తెగలేదు. అయినా హై వోల్టేజీలో ఇన్సులేషన్ లీకైతే మీటరుకి దొరకదు కదా.

సెల్ఫ్ తిప్పుతూ కాయిల్ మైనస్‌కి టెస్ట్ లైట్ పెట్టాలనుకుంటున్నాను. లైటు మినుకుమంటే కాయిలే పోయిందని తేల్చేయవచ్చా? మినుకుమనకపోతే, పికప్‌నీ మాడ్యూల్‌నీ ఎలా వేరుచేసి పరీక్షించాలి? మాడ్యూల్ అడుగున థర్మల్ పేస్ట్ (దాని వేడిని బయటికి లాగే పూత) పూర్తిగా ఎండిపోయింది, నా అనుమానం అంతా దాని మీదే.